రన్‌వే తూర్పు పడమరలుగానే ఎందుకు?

వాన, ఎండ, గాలి గురించి పిల్లలకు చెప్పడానికి కావలసిన సరంజామా అంతా హైదరాబాద్‌లో ఆరాంఘర్ చౌరస్తా చుట్టూనే ఉంది. పక్కనే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, పడమరగా హిమాయత్‌సాగర్, దక్షిణంగా గగన్‌పహాడ్ మీదుగా వెళ్తే శంషాబాద్ విమానాశ్రయం. ఇంత ఉన్నా, వాతావరణం అంటే ఇవాళ్టి స్థితి, శీతోష్ణస్థితి అంటే ముప్పై ఏళ్ళ సగటు అని రెండు వాక్యాలు బట్టీ పట్టిస్తే ఏడో తరగతి పాఠం అయిపోయినట్టే లెక్క. ఆ వాక్యాల్లో తప్పు లేదు, కానీ వాటితో పిల్లవాడికి ఏమీ తెలియదు. ఎందుకు తెలియదో చూపించడానికి ఒక బడిలోని ఇద్దరు ఉపాధ్యాయుల మధ్య వాదం నడిపిస్తున్నాను. ఒకరు లెక్కల సార్, ఇంకొకరు సోషల్ మేడం. ఇద్దరూ కల్పితులే, వాళ్ళు చెప్పే అంకెలూ తేదీలూ మాత్రం రికార్డుల్లో ఉన్నవి. నా మొగ్గు మేడం వైపని ముందే చెప్పేస్తున్నాను. అయితే సార్ సందేహాలు చాలామంది చదువుకున్నవాళ్ళకు ఉన్నవే, కొట్టిపారేయదగ్గవి కావు. అందుకే వాటి బలం తగ్గించలేదు.

లెక్కల సార్: మేడం, మీ పాఠంలో నాకు మింగుడు పడనిది ఒకటుంది. రేపు సాయంత్రం ఆరాంఘర్‌లో వాన పడుతుందా అంటే వాతావరణ శాఖ 'పడే అవకాశం ఉంది' అని ఊరుకుంటుంది. ఐదు రోజులు దాటితే ఆ మాటకూ పట్టు తగ్గుతుంది, రెండు వారాలు దాటితే దాదాపు ఏమీ మిగలదు. అలాంటప్పుడు 2050లో ఎండలు ఇలా ఉంటాయి, వానలు అలా ఉంటాయి అని పిల్లలకు అంత నమ్మకంగా ఎలా చెబుతున్నాం? దగ్గరిది తేల్చలేనివాళ్ళు దూరానిది తేలుస్తామంటే నా క్లాసులో ఒప్పుకోను. ఒక్కో మెట్టు దగ్గర చిన్న తప్పు దొర్లితే, మెట్లు పెరిగేకొద్దీ అది పెరుగుతుందే తప్ప తగ్గదు. పిల్లలకు నేను నేర్పే మొదటి జాగ్రత్త ఇదే. ఇక సగటు సంగతి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన అని రాయిస్తాం. 365తో భాగిస్తే రోజుకు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. రోజూ రెండు మిల్లీమీటర్లు కురిసిన ఏడాది ఈ ఊరి చరిత్రలో ఒక్కటైనా ఉందా? లేనిదాన్ని శీతోష్ణస్థితి అని పేరు పెట్టి ఎందుకు నేర్పాలి?

సోషల్ మేడం: మెట్ల లెక్క నిజమే సార్. దాన్ని నిరూపించిన మనిషి వాతావరణ శాస్త్రవేత్తే. 1960ల మొదట్లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్ మీద గాలి కదలికలకు లెక్క కడుతూ, ఒకసారి 0.506127 అని ఇవ్వాల్సిన చోట 0.506 అని ఇచ్చాడు. కాసేపటికి కొత్త లెక్కకూ పాత లెక్కకూ పొంతన లేకుండా పోయింది. 1963లో దాని మీద వ్యాసం రాశాడు. రేపటి వాన ఇవాళ్టి గాలి, తేమ, పీడనం ఎక్కడ ఎంత ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ కొలతల్లో ఆవగింజంత తప్పున్నా రోజులు గడిచేకొద్దీ కొండంతవుతుంది. అందుకే రెండు వారాల తర్వాత ఏ రోజు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ వచ్చే మే నెల పగళ్ళు వచ్చే జనవరి పగళ్ళ కంటే వేడిగా ఉంటాయా అని అడిగితే మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించరు. ఆ నెల ఎన్ని రోజుల దూరంలో ఉన్నా మీ జవాబు మారదు. ఎందుకంటే ఆ జవాబు ఇవాళ్టి గాలిలో లేదు, సూర్యుడి నడకలో ఉంది. మే రెండో వారంలో మనకు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదికి వస్తాడు. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ అక్కడికే వస్తాడు. అయినా ఆగస్టు మేలా కాలదు. అప్పటికి పైన మబ్బు కమ్ముకుని ఉంటుంది, కింద నేల తడిసి ఉంటుంది, వచ్చిన వేడిలో చాలా భాగం ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది. సూర్యుడు, సముద్రం, నేల ఎత్తు, భూమధ్యరేఖ నుంచి దూరం, గాలిలో కలిసిన వాయువులు, ఇవి కలిసి గీసిన హద్దుల పేరు శీతోష్ణస్థితి. ఆ హద్దుల లోపల రోజువారీ జరిగే ఆట వాతావరణం. ఆటలో తర్వాతి అడుగు తెలియకపోయినా హద్దులు తెలియవచ్చు.

నమ్మకం కుదరకపోతే పుస్తకం మూసేసి శంషాబాద్ విమానాశ్రయం చూపిస్తాను. 2008 మార్చిలో మొదలైన ఆ విమానాశ్రయంలో రెండు రన్‌వేలు పక్కపక్కన, ఒకే దిక్కుకు ఉన్నాయి. ఒక కొస మీద 09 అని, రెండో కొస మీద 27 అని పెద్ద అంకెలు వేసి ఉంటాయి. చివర సున్నా చేర్చి చదివితే 90 డిగ్రీలు, 270 డిగ్రీలు. ఉత్తరం నుంచి కొలిస్తే ఒకటి తూర్పు, రెండోది పడమర. విమానం ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురుగా ఉండాలి. ఎదురుగాలి రెక్కల మీదుగా పోయినకొద్దీ నేల మీద తక్కువ వేగంతోనే లేవవచ్చు, తక్కువ దూరంలో ఆగవచ్చు. గాలి పక్క నుంచి బలంగా తోస్తే ప్రమాదం. అలాగని నాలుగు కిలోమీటర్ల రన్‌వేను గాలి మళ్ళినప్పుడల్లా మళ్ళించలేం కదా. ఒక్కసారి వేశాక అది దశాబ్దాల పాటు అక్కడే ఉంటుంది. కాబట్టి మొదటి తట్ట మట్టి తీయకముందే ఎటు వేయాలో తేల్చుకోవాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం పక్కగాలి ఇబ్బంది లేకుండా కనీసం 95 శాతం సమయం వాడుకోగలిగే దిక్కును ఎంచుకోవాలి. దానికి వీలైనంత ఎక్కువ కాలం, తక్కువలో తక్కువ ఐదేళ్ళ గాలి రికార్డు, రోజుకు కనీసం ఎనిమిదిసార్లు కొలిచినది చూడమంటారు. మనకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి ప్రధానంగా పడమటి వైపు నుంచి వీస్తుంది, చలికాలంలో తూర్పు వైపు నుంచి. నగరంలోని పాత విమానాశ్రయం బేగంపేట రన్‌వే మీదా ఇవే అంకెలున్నాయి, 09, 27. ఇక ఈ పూట విమానాలు ఏ కొస నుంచి దిగాలన్నది ఈ పూట గాలిని బట్టి ఉంటుంది. దానికోసం విమానాశ్రయంలో అరగంటకోసారి వాతావరణ నివేదిక ఇస్తూనే ఉంటారు. రన్‌వే ఎటు ఉండాలో చెప్పింది శీతోష్ణస్థితి, ఇవాళ ఎటు దిగాలో చెప్పేది వాతావరణం. మీ ప్రశ్నకు జవాబు కాంక్రీటులో పోసి ఉంది సార్. రేపటి గాలి ఎటో తెలియకుండానే రేపటి గాలికి సరిపోయే రన్‌వే వేయగలిగారు.

లెక్కల సార్: బాగుంది, కానీ మీ ఉదాహరణే మీ నిర్వచనాన్ని దెబ్బ తీస్తోంది. శీతోష్ణస్థితి అంటే సగటు అని మీ పాఠంలో ఉంది. పడమటి గాలి నాలుగు నెలలు, తూర్పు గాలి నాలుగు నెలలు, రెండూ ఒకే బలంతో వీచాయనుకుందాం. దిక్కుతో సహా సగటు తీయండి, సున్నా వస్తుంది. మీ సగటు ప్రకారం శంషాబాద్‌లో గాలే లేదు, రన్‌వే ఎటు వేసినా ఒకటే!

సోషల్ మేడం: ఆ సున్నాను రేపు బోర్డు మీద మీరే వేసి చూపించండి సార్, నా పాఠం సగం అయిపోతుంది. రన్‌వే వేసేవాళ్ళు గాలిని సగటు చేయరు. ఏ దిక్కు నుంచి, ఎంత బలంతో, ఏడాదిలో ఎన్నిసార్లు వీచిందో లెక్కపెట్టి విండ్ రోజ్ అనే పటం గీస్తారు. చూడగానే తూర్పు, పడమర రేకలు పొడుగ్గా, మిగిలినవి పొట్టిగా కనిపిస్తాయి. శీతోష్ణస్థితి అంటే ఆ పటం మొత్తం. సగటు అందులో ఒక అంకె, అంతే. ఏది మామూలు, ఏది అరుదు, అరుదైనది ఎంత దూరం పోగలదు, ఏ నెలలో పోగలదు అనే ప్రశ్నలకు జవాబు దొరికితేనే ఒక ఊరి శీతోష్ణస్థితి తెలిసినట్టు.

ఇక్కడ నాదో మాట. పాఠ్యపుస్తకాల్లో సగటు అనే అంకె దగ్గర ఆగిపోవడమే అసలు చిక్కు. సగటు ఒక్కటే నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక, వేడి తక్కువగా ఉన్న ఒక్క వేసవిని చూసి భూమి వేడెక్కడం అబద్ధమంటాడు, వరదొచ్చిన ఒక్క రోజును చూసి ప్రళయం వచ్చిందంటాడు. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటే, ఒక రోజును పటం మొత్తంగా పొరబడటం.

లెక్కల సార్: సరే, పటమే అనుకుందాం. అప్పుడు వాన సంగతి చూడండి. 2023 వానాకాలం దేశం మొత్తం మీద మామూలులో 94 శాతం. ఆగస్టు అయితే 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అన్నిటికంటే పొడి ఆగస్టు. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్ నినో వచ్చిందన్నారు. అదే ఏడాది జులై ఆఖరులో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు కురిసింది. హైదరాబాద్‌కు ఏడాదంతా వచ్చే వానలో ఐదింట నాలుగు వంతులు ఒక్క రోజులోనే! వాన తగ్గిన ఏడాదిలో ఇంత వాన ఏ పటంలో పడుతుంది? ఇంకా వెనక్కి వెళ్దాం. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద. అప్పుడు శంషాబాద్ వర్షమాపక కేంద్రంలోనే 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. అంటే సుమారు 32.5 సెంటీమీటర్లు, 48 సెంటీమీటర్లు. అప్పటికి మన రోడ్ల మీద కార్లు చాలా అరుదు, విమానాలు అసలే లేవు. హైదరాబాద్‌ను ముంచిన 2020 అక్టోబర్ వానకు శీతోష్ణస్థితి మార్పు అని పేరు పెట్టేవాళ్ళు 1908కి ఏం పేరు పెడతారు?

సోషల్ మేడం: 1908ని మీరే ఎత్తడం మంచిదయింది సార్, ఎందుకంటే శీతోష్ణస్థితిని ఎలా వాడుకోవాలో ఈ ఊరికి నేర్పింది ఆ వరదే. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఆయన వచ్చే వరద ఫలానా తేదీన వస్తుందని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు. ఈ పరీవాహకంలో ఇంత వాన పడగలదని శంషాబాద్ అంకె రుజువు చేసింది, కాబట్టి ఇంత నీటిని ఆపగలిగే చోటు నగరానికి పైన ఉండాలని లెక్క కట్టారు. ఆ ఆలోచనలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తేదీ తెలియదు, కొలత తెలుసు. రన్‌వేదీ ఇదే తర్కం. 1908 వాన పటానికి బయటిది కాదు, పటం అంచు ఎక్కడుందో చూపించిన వాన. లక్ష్మీదేవిపేట ఆ అంచును ఇంకా అవతలికి జరిపింది. ఎల్ నినో ఏడాది అన్నప్పుడు కూడా దేశం మీద మొత్తం వాన తగ్గే అవకాశం పెరుగుతుందన్నదే దాని అర్థం. ములుగులో ఒక రోజు మేఘానికి అది అడ్డుకట్ట కాదు.

లెక్కల సార్: ఆ పటమేదో మన పెద్దలు ఎప్పుడో గీసి ఇచ్చారు కదా, కార్తెలని. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయన్నారు, మృగశిరతో చల్లబడుతుందన్నారు. పిల్లలకు అవి నేర్పితే చాలదా?

సోషల్ మేడం: చాలదు కానీ, మొదలుపెట్టాల్సింది అక్కడే. ఏ ఏడాది ఏ రోజు వాన పడుతుందో కార్తె చెప్పదు. ఆ పదమూడు, పద్నాలుగు రోజుల్లో ఏం ఆశించవచ్చో చెబుతుంది. నారు ఎప్పుడు పోయాలో, విత్తు ఎప్పుడు వేయాలో రైతు దాన్ని బట్టి సిద్ధపడతాడు, దుక్కి మాత్రం తడి చూసుకునే దున్నుతాడు. శీతోష్ణస్థితినీ వాతావరణాన్నీ రెండు చేతుల్లో విడివిడిగా పట్టుకోవడం ఆయనకు పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. ఎందుకు మృగశిరతోనే మారుతుందో మాత్రం కార్తె చెప్పదు. ఎండాకాలమంతా నేల సముద్రం కంటే త్వరగా కాగుతుంది, దాని మీది గాలి వేడెక్కి లేస్తుంది, పీడనం తగ్గిన ఆ చోటికి సముద్రం మీది తేమ గాలి బయల్దేరుతుంది. జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, మామూలు ఏడాదుల్లో రెండో వారానికల్లా తెలంగాణలోకి వస్తుంది. దారిలో పడమటి కనుమలెక్కి నీళ్ళు చాలావరకు అటువైపే కుమ్మరించి వస్తుంది కాబట్టి ముంబయికి పడే వానలో మూడో వంతు కాస్త అటూఇటూగా మనకు దక్కుతుంది. ఈ కారణాలు తెలిస్తేనే, కారణం మారినప్పుడు ఫలితం ఎటు మారుతుందో పిల్లవాడు ఊహించగలడు. ఇంకో సంగతి సార్, ఇది మీకు నచ్చుతుంది. కార్తెలు సూర్యుడు నక్షత్రాల మధ్య నడిచే లెక్కతో వస్తాయి. ఋతువుల ఏడాదికీ ఆ నక్షత్రాల ఏడాదికీ ఇరవై నిమిషాల తేడా ఉంది. సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు, వెయ్యేళ్ళకు పద్నాలుగు రోజులు. అంటే వెయ్యేళ్ళలో ఋతువులతో పోలిస్తే ఒక కార్తె మొత్తం జరిగిపోయింది. ఎంత గొప్ప పటమైనా మధ్యమధ్యలో మళ్ళీ కొలిచి సరిచూసుకోవాల్సిందే.

లెక్కల సార్: మళ్ళీ కొలవడమంటారా, కొలిచినవే చెబుతాను. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. దాన్ని ఇన్నేళ్ళలో ఏ వేసవీ దాటలేదు. వేడెక్కుతున్న ఊరైతే రికార్డు పడిపోవద్దా? రెండోది, ఎండ పెరిగిందనిపిస్తే దానికి ఆకాశంలో కారణం వెతకడం ఎందుకు? ఒకప్పుడు ఉష్ణోగ్రత కొలిచే బేగంపేట కేంద్రం చుట్టూ చెట్లు, ఖాళీ జాగాలు. ఇప్పుడు సిమెంటు, తారు, ఏసీలు. ఇటు ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా పొలాలు పోయి గోదాములు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. మాపకం మారలేదు, చుట్టూ ఊరు మారింది. మీరు భూమి వేడెక్కిందంటున్నది ఊరు వేడెక్కడం కాదని ఎలా చెబుతారు?

సోషల్ మేడం: రెండో ప్రశ్న బలమైనది, మొదటిది కాదు. పచ్చీసులో ఒక గవ్వకు ఎవరో కొంచెం సీసం పోశారనుకోండి. ఒక్క పందెం చూసి అది మోసపు గవ్వని ఎవరూ పట్టుకోలేరు. బాగున్న గవ్వలతో కూడా ఒకప్పుడు పెద్ద పందెం పడే ఉంటుంది. వంద పందేలు రాసి పెట్టుకుంటే మాత్రం ఒక వైపు మొగ్గు బయటపడుతుంది. 1966 జూన్ 2 ఒక్క పందెం, 1908 సెప్టెంబర్ ఒక్క పందెం, 2020 అక్టోబర్ కూడా ఒక్క పందెమే. వాటిలో ఏదీ ఒంటరిగా శీతోష్ణస్థితి మారిందని గానీ మారలేదని గానీ చెప్పదు. దేశం మొత్తం మీద లెక్కించిన అంకె అడగండి, చెబుతాను. 1901 నుంచి 2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదికలో ఉంది. 1901 తర్వాత దేశానికి అత్యంత వేడి సంవత్సరం 2024.

ఊరి వేడి సంగతి మాత్రం మీరన్నది నిజం, నేను దాచను. సిమెంటు పగలంతా మింగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. చలికాలం తెల్లవారుజామున రాజేంద్రనగర్‌లో బేగంపేట కంటే ఉష్ణోగ్రత తక్కువగా నమోదవడానికి విశ్వవిద్యాలయపు పొలాలు, ఖాళీ నేల ఒక ముఖ్య కారణం. కానీ సిమెంటు లేని చోట కూడా వేడి పెరిగితే అప్పుడేమంటారు? సముద్రం మీద అపార్ట్‌మెంట్లు లేవు కదా. 1951 నుంచి 2015 దాకా హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగంలో ఉపరితల నీరు సగటున ఒక డిగ్రీ వేడెక్కిందని అదే నివేదిక చెబుతుంది. దానికి కారణం కూడా కొలిచే ఉంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315, ఇప్పుడు 420 దాటింది. నేల వదిలే వేడిని పట్టి ఉంచే వాయువు అది. ఇక వాన మాటకొస్తే, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగలిగే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఎక్కువ తేమ మోస్తున్న మేఘం కురిసినప్పుడు ఎక్కువ కురవగలదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానల ఘటనలు మూడింతలయ్యాయి. అది మధ్య భారతపు లెక్క, దాన్ని తెచ్చి హైదరాబాద్‌కు అంటగట్టను. గవ్వకు సీసం పోశారని చెప్పడానికి మాత్రం అది సాక్ష్యం.

లెక్కల సార్: అయితే 2050 సంగతి?

సోషల్ మేడం: అది జోస్యం కాదు, షరతుతో కూడిన లెక్క. మనుషులు ఇంత బొగ్గు, ఇంత చమురు కాలిస్తే ఇంత వేడెక్కుతుంది, తగ్గిస్తే ఇంతే వేడెక్కుతుంది. మీ బీజగణితంలో ఎక్స్ విలువ ఇస్తే వై చెప్పినట్టే. ఎక్స్ ఎంత ఉంటుందన్నది గాలీ వానా తేల్చేది కాదు, మనుషులు తేల్చుకునేది.

లెక్కల సార్: దీనికి నేను ఎదురు చెప్పను. కానీ ఒక కోపం మిగిలింది. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం మన మీదికొచ్చింది. బేగంపేటలో 24 గంటల్లో 19.2 సెంటీమీటర్లు. అక్టోబర్ నెలకు 1903 నాటి 11.7 సెంటీమీటర్ల రికార్డును అది దాటేసింది, ఒప్పుకుంటాను. కానీ 2000 ఆగస్టు 24న ఇదే ఊళ్ళో 24.15 సెంటీమీటర్లు కురిసింది. అంటే 2020 వాన ఈ ఊరికి కొత్త కొలతేమీ కాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది, బెంగళూరు జాతీయ రహదారి మీదికి నీళ్ళొచ్చాయి, మనుషులు కొట్టుకుపోయారు. చెరువు నేలను ఆక్రమించి కట్టినవాళ్ళు, కట్టనిచ్చినవాళ్ళు, అందరూ ఇప్పుడు శీతోష్ణస్థితి మార్పు అనే మాట వెనక నిలబడుతున్నారు. మీ పాఠం వాళ్ళకు గొడుగు పడుతోంది మేడం.

సోషల్ మేడం: ఆ గొడుగు నేను పట్టను సార్, ఎవరినీ పట్టనివ్వను. విశ్వేశ్వరయ్య లెక్కలోనే ఈ హెచ్చరిక ఉంది. 1908లో మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి, ఒకదాని నీళ్ళు కింది చెరువును తెంచాయి. అంటే చెరువు కట్ట, అలుగు, వాగు దారి కూడా ఈ పాఠంలో భాగమే. వాన ఎంత పడిందన్నది వాతావరణం. అంత వాన ఎన్నేళ్ళకోసారి రావచ్చన్నది శీతోష్ణస్థితి. ఆ నీళ్ళు ఎవరి ఇంట్లోకి వెళ్ళాయన్నది మాత్రం నేల మీద మనుషులు చేసిన నిర్ణయం. 2024 ఆగస్టు ఆఖరులో అప్ప చెరువులో అక్రమ కట్టడాలను, చెరువు ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. అవి అక్కడ ఎలా లేచాయన్నది శీతోష్ణస్థితి పాఠం జవాబు చెప్పే ప్రశ్న కాదు. పెద్ద వానలు ఇంకా తరచుగా రావచ్చని తెలిసినప్పుడు వాగు దారి మూసేయడం మరింత పెద్ద నేరం అవుతుంది. వాన పెరిగిందన్న మాటను సాకుగా వాడుకునేవాళ్ళను ఆ మాటతోనే నిలదీయాలి, 'పెరుగుతుందని తెలిసీ ఎందుకు మూశారు' అని.

ఈ చోట ఇద్దరి మాటా నా మాటే. వరద తర్వాత అచ్చయ్యే వార్తల్లో ఈ మూడు ప్రశ్నలూ ఒకటిగా కలిసిపోతుంటాయి. పన్నెండేళ్ళ పిల్లలకు వాటిని విడదీసి చూడటం నేర్పగలిగితే, ఆ పిల్లలు ఓటర్లయ్యే నాటికి కార్పొరేటర్‌ను అడగాల్సిన ప్రశ్న ఆకాశాన్ని అడగరు.

లెక్కల సార్: అయితే నా షరతు ఒకటి. నిర్వచనం కంటే ముందు కొలత. బడి ఆవరణలో వర్షమాపకం పెట్టండి, చెట్టు కిందో గోడ పక్కనో కాకుండా ఖాళీ జాగాలో. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజంటే ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా కాబట్టి మనమూ అప్పుడే చూడాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే సరిగ్గా ఒక లీటరు, ఆ లెక్క నేను చెబుతాను. 19.2 సెంటీమీటర్లు ఒక ఎకరం మీద పడితే 7 లక్షల 77 వేల లీటర్లని పిల్లలే కట్టాలి. అప్పుడు చెరువు ఎందుకు కావాలో మనం చెప్పక్కర్లేదు. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని వాతావరణ శాఖ ఎక్కడ గీతలు గీసిందో చూపిద్దాం. ఉష్ణోగ్రత కూడా రాయించండి. బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి 531 మీటర్లు, శంషాబాద్ 617. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందంటే 86 మీటర్లకు అర డిగ్రీ కాస్త పైన. పిల్లలు కొలిచిన తేడా దానికంటే ఎక్కువ వస్తే, మిగిలినది సిమెంటుదా, చెట్లదా, మబ్బుదా అని వాళ్ళే వెతుకుతారు.

సోషల్ మేడం: ఒప్పుకున్నాను. కానీ ఏడో తరగతి పిల్లవాడు పదో తరగతి దాకా రాసినా నాలుగేళ్ళ లెక్కే అవుతుంది. అది శీతోష్ణస్థితి కాదని వాడికి చెప్పాలి. ప్రపంచ వాతావరణ సంస్థ ముప్పై ఏళ్ళు ఎందుకంటుందో అప్పుడే వాడికి అర్థమవుతుంది. ఒక ఎల్ నినో, ఒక మంచి వానాకాలం వచ్చి నాలుగేళ్ళ లెక్కను అటూఇటూ లాగేస్తాయి. ముప్పై ఏళ్ళలో అవి చాలావరకు సర్దుకుంటాయి. పిల్లలు మారినా ఆ పుస్తకం బడిలోనే ఉండాలి, కింది తరగతికి అప్పజెప్పాలి.

లెక్కల సార్: ఏ ముప్పై ఏళ్ళు? అక్కడ నాకు ఇంకా తేలలేదు. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020. వానాకాలానికి మన శాఖ యాభై ఏళ్ళు తీసుకుంటుంది. 1961 నుంచి 2010 లెక్కతో దేశానికి మామూలు 88 సెంటీమీటర్లు. 2022లో దాన్ని 1971 నుంచి 2020కి మార్చి 87 చేశారు. మామూలు అనే గీతే జరుగుతుంటే ఎక్కువేదో తక్కువేదో ఎలా? వేడెక్కిన ముప్పై ఏళ్ళనే మామూలనుకుంటే ఇవాళ్టి వేడి తక్కువగా కనిపిస్తుంది కదా.

సోషల్ మేడం: కనిపిస్తుంది. అందుకే ఏ పనికి ఏ గీత వాడుతున్నామో చెప్పి వాడాలి. ఈ ఏడాది విత్తనం వేసే రైతుకు దగ్గరి ముప్పై ఏళ్ళే కావాలి, భూమి ఎంత వేడెక్కిందో చూసేవాళ్ళకు 1850 నుంచి 1900 దాకా ఉన్న గీత కావాలి. విమానాశ్రయంలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది, రెక్కకు ఊతం తక్కువ, ఎగరడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకని రన్‌వే పొడవు లెక్క కట్టేటప్పుడు అన్నిటికంటే వేడిగా ఉండే నెలలోని రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటును, కొన్నేళ్ళది కలిపి తీసుకుంటారు. ఏ ఏళ్ళవి తీసుకున్నారన్న దాన్ని బట్టి ఆ అంకె మారుతుంది.

లెక్కల సార్: అయితే ఒకటి చేద్దాం. రెండు గీతలూ బోర్డు మీద గీయండి, పాతదీ కొత్తదీ. పిల్లలు రాసిన అంకెలు రెండింటితోనూ పోల్చనివ్వండి. తేడా ఎంతో వాళ్ళు చెప్పాక 2050 గురించి మీరు మాట్లాడండి, వెనక బెంచీలో కూర్చుని నేనూ వింటాను. వర్షమాపకం ఎక్కడ పెట్టాలో సోమవారం పిల్లలతో కలిసి చూద్దాం.